బొమ్మలు పెట్టుకునే బెల్టు
(స్మారక ఉపన్యాస పాఠం)

కొత్త కారు ఇంటికొచ్చే రోజు తెలుగిళ్లలో చిన్నపాటి పెళ్లి. షోరూములో కారు మీద గుడ్డ కప్పి ఉంచుతారు. ఇంటిల్లిపాదీ తలో కొసా పట్టుకుని ఆ గుడ్డ లాగి ఫోటో దిగుతారు. అక్కణ్నుంచి నేరుగా గుడికి. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, కుంకుమ బొట్లు, ముందు బంతిపూల దండ, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. కొబ్బరికాయ కొట్టి, బండి ముందుకు కదిలి, ఆ నిమ్మకాయలు చితికాక గానీ ఇంట్లో పెద్దావిడకు మనసు కుదుటపడదు. తర్వాత ఎవరెక్కడ కూర్చోవాలన్నది ఎవరూ చెప్పకుండానే తేలిపోతుంది. ఇంటాయన స్టీరింగ్ ముందు, పక్కన తండ్రో బావమరిదో. వెనక అమ్మమ్మ, ఇల్లాలు, ఆమె ఒళ్లో చంటిది, రెండు ముందు సీట్ల సందులోంచి తల బయటపెట్టి నిలబడ్డ పిల్లాడు. ముందున్న ఇద్దరూ చలానా భయానికైనా బెల్టు పెట్టుకుంటారు. వెనక బెల్టుల బకిళ్లు మాత్రం కొత్తగా కుట్టించిన సీటు కవర్ల కింద ఎక్కడో ఉండిపోతాయి.

ఏ మాస్టారి పేరు మీద ఈ ఉపన్యాసం ఏర్పాటయిందో, ఆయన హైస్కూలు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవారు. జడత్వం పాఠం వచ్చిన రోజు గాజుగ్లాసు మీద పోస్టుకార్డు, దాని మీద రూపాయి బిళ్ల పెట్టి, కార్డును వేలితో టక్కున మీటేవారు. కార్డు ఎగిరి అవతల పడేది, బిళ్ల ఉన్నచోటే గ్లాసులోకి జారేది. దాన్నే తిరగేసి ఆలోచించమనేవారు. బస్సు ఆగుతుంది, లోపలి మనిషి ఆగడు, అతణ్ని ఏదో ఒకటి ఆపాలి, ఆపేది ఏమిటన్నదే ప్రశ్న అనేవారు. కారు భద్రత గురించి గత 70 ఏళ్లలో ఇంజినీర్లు చేసిన పనంతా ఆ ఒక్క ప్రశ్నకు వెతికిన జవాబే.

కారు గుద్దుకోవడం చూసేవాళ్లకు ఒకే దెబ్బ. లెక్కకు మూడు దెబ్బలు. కారు లారీనో గోడనో కొట్టడం మొదటిది. లోపలి మనిషి వెళ్లి కారును కొట్టడం, అంటే స్టీరింగ్‌నో డ్యాష్‌బోర్డునో ముందు సీటునో, రెండోది. మూడోది కంటికి కనపడదు: గుండె, కాలేయం, మెదడు ఒంటి లోపలే ఎముకల గూటికి కొట్టుకోవడం. మొత్తం కలిపి సెకనులో పదో వంతుకు కాస్త అటూ ఇటూ. రెప్పపాటు అన్న మాట ఇక్కడ అలంకారం కాదు, నిజమైన కొలత.

ఇంతకీ వేగమంటే ఎంత? గంటకు 50 కిలోమీటర్లంటే ఊళ్లో వేగమేగా అనిపిస్తుంది. ఆ వేగంతో గోడను కొట్టడమూ, మూడంతస్తుల మేడ మీంచి నేల మీద పడడమూ ఒకటే లెక్క. 64 అయితే ఐదంతస్తులు, 100 అయితే 13. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు మీద 2023 నుంచి అనుమతించిన గరిష్ఠ వేగం 120. అది దాదాపు 19 అంతస్తుల ఎత్తు. వేగం రెట్టింపయితే దెబ్బ నాలుగు రెట్లవుతుందని మాస్టారు బోర్డు మీద రాసిన వర్గం గుర్తు ఉన్నవాళ్లకు ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు.

ఊళ్లలో ఇప్పటికీ ఒక మాట వినిపిస్తుంది. పాత అంబాసిడర్ అయితే ఉక్కు కోట, ఇప్పటి కార్లు రేకు డబ్బాలు, తగిలితే అప్పడంలా నలుగుతాయి అని. ఈ మాటను పరీక్షకు పెట్టి చూసినవాళ్లున్నారు. 2009లో అమెరికాలోని హైవే భద్రత బీమా సంస్థ తన 50 ఏళ్ల వేడుకకు 1959 నాటి షెవర్లే బెల్ ఎయిర్‌ను, 2009 మోడల్ షెవర్లే మాలిబును ఎదురెదురుగా గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఢీకొట్టించింది. బెల్ ఎయిర్ చూడ్డానికి ఏనుగంత బండి, నిండా ఇనుము. ఆ ఇనుమే డ్రైవరు మీదికొచ్చి పడింది. ముందు అద్దం ఊడింది, స్టీరింగూ డ్యాష్‌బోర్డూ కలిసి డ్రైవరు సీట్లోని బొమ్మ మీదికి దూసుకొచ్చాయి. నిజం మనిషైతే బతికేవాడు కాదు. మాలిబు ముక్కు నుజ్జునుజ్జయింది గానీ మనిషి కూర్చునే గది గదిలాగే నిలిచింది. అందులోని డ్రైవరుకు మహా అయితే పాదానికి గాయమయ్యేది.

ముక్కు నలగాలి, గది నలగకూడదు. ఈ ఆలోచన బేలా బరెన్యీ అనే ఇంజినీరుది. 1950ల మొదట్లో డైమ్లర్-బెంజ్ కంపెనీలో పనిచేస్తూ దీని మీద పేటెంటు తీసుకున్నాడు. 1959 మెర్సిడెస్ కార్లలో అది మొదటిసారి రోడ్డెక్కింది. నలిగే ప్రతి అంగుళమూ మనిషి ఆగడానికి దొరికే వ్యవధి. పై నుంచి పడేవాడికి గడ్డివాము దొరకడానికీ బండరాయి దొరకడానికీ ఉన్న తేడా అదే. బంపరు నలిగిందని మెకానిక్ దగ్గర బాధపడే యజమానికి ఆ నలిగిన రేకు తన పక్కటెముకల బదులు నలిగిందని ఎవరైనా చెప్పాలి.

అదే 1959లో స్వీడన్‌లో ఇంకో పని జరిగింది. నిల్స్ బోలిన్ అంతకుముందు సాబ్ కంపెనీలో యుద్ధ విమానాల పైలట్లను బయటికి విసిరే సీట్లు తయారుచేసేవాడు. వోల్వోలో చేరి, మనిషిని లోపలే ఉంచే పని మొదలుపెట్టాడు. అప్పటికి కార్లలో ఉన్నవి ఎక్కువగా నడుముకు మాత్రమే కట్టుకునే పట్టీలు. దెబ్బ తగిలితే అవి పొట్టను కోసేవి, తల మాత్రం వెళ్లి ముందు కొట్టుకునేది. బోలిన్ భుజం మీంచి ఒకటి, నడుం మీంచి ఒకటి వచ్చి తుంటి పక్కన ఒకేచోట కలిసేలా, ఒక్క చేత్తో పెట్టుకునేలా మూడు కొసల బెల్టు గీశాడు. వోల్వో ఆ పేటెంటును తనకే అట్టిపెట్టుకోకుండా అందరికీ వదిలేసింది. ఎనిమిదేళ్ల తర్వాత, 1967లో, బోలిన్ స్వీడన్‌లో జరిగిన 28,000 ప్రమాదాల లెక్క పట్టుకొచ్చాడు. బెల్టు లేనివాళ్లు అన్ని వేగాల్లోనూ చనిపోయారు. బెల్టు పెట్టుకున్నవాళ్లలో గంటకు 60 మైళ్ల లోపు వేగంలో ఒక్కరూ పోలేదు. ఇంత చవకగా ఇన్ని ప్రాణాలు కాపాడిన వస్తువు కారులో మరొకటి లేదు.

బెల్టును నెమ్మదిగా లాగితే వస్తుంది, గుంజితే పట్టేస్తుంది. ఈ సంగతి పిల్లలందరికీ ఆటలో తెలిసిందే. ఇప్పటి కార్లలో దానికి రెండు తెలివితేటలు తోడయ్యాయి. గుద్దుకున్న క్షణంలో చిన్న మందు పేలి బెల్టు వదులునంతా వెనక్కి లాగేసి మనిషిని సీటుకు అదుముతుంది. ఆ వెంటనే, రొమ్ము ఎముక విరగకుండా, కొలత ప్రకారం కొద్దికొద్దిగా బెల్టు వదులుతుంది. బిగించడం ఎంత ముఖ్యమో వదలడం అంత ముఖ్యం. అయితే పట్టీ ఉండాల్సిన చోట ఉంటేనే ఇదంతా. భుజం పట్టీ భుజం మధ్యలోంచి రావాలి, చంక కిందికి తోసేయకూడదు. నడుం పట్టీ పొట్ట మీద కాక తుంటి ఎముకల మీద ఆనాలి. గర్భవతి అయితే కడుపుకు కిందుగా, తొడల మొదట్లో. కడుపుతో ఉన్నవాళ్లు బెల్టు పెట్టుకోకూడదన్నది వట్టి అపోహ. తల్లి ఆగితేనే బిడ్డ ఆగుతుంది.

ఎయిర్‌బ్యాగ్ సంగతి వేరు. స్టీరింగ్ మీద ఎస్‌ఆర్‌ఎస్ అని మూడక్షరాలు ఉంటాయి. అందులో మొదటి అక్షరానికి అర్థం అదనం, తోడు అని. అసలు పని బెల్టుది. దానికి తోడుగా, సెకనులో వందో వంతులు మూడు గడిచేలోపు, సంచి వాయువుతో నిండి ముఖం ముందు నిలుస్తుంది. అంత వేగంగా విచ్చుకునే సంచి మెత్తని దిండు కాదు. బెల్టు లేకుండా ముందుకు ఎగిరొస్తున్న మనిషికి అది ఎదురుగా వచ్చి కొట్టే దెబ్బ. డ్యాష్‌బోర్డు మీద కాళ్లు చాపుకుని కూర్చునే కుర్రాళ్లు, స్టీరింగ్‌కు రొమ్ము ఆనించి నడిపే పొట్టివాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. స్టీరింగ్ మధ్యభాగానికీ రొమ్ముకూ కనీసం జానెడు పైన ఎడం ఉండాలి.

ఇక నక్షత్రాల దగ్గరికి.

కారు కొనేవాడికి అది ఎంత గట్టిదో కంటితో తెలియదు. తలుపు వేసినప్పుడు వచ్చే ధబ్బుమన్న చప్పుడును బట్టి చెప్పేస్తారు చాలామంది. ఆ చప్పుడుకూ ప్రాణానికీ సంబంధం లేదు. అందుకే 1970ల చివర అమెరికా ప్రభుత్వం కార్లను గోడకు కొట్టి ఫలితాలు జనానికి చెప్పడం మొదలుపెట్టింది. ఐరోపాలో కార్ల భద్రతకు నక్షత్రాలు వేసే యూరో ఎన్‌క్యాప్ సంస్థ తొలి ఫలితాలు 1997 ఫిబ్రవరిలో వచ్చాయి. చాలా పేరున్న చిన్న కారు రోవర్ 100కు ఒక్క నక్షత్రం వచ్చింది. ఈ పరీక్షలో నాలుగు నక్షత్రాలు తెచ్చుకోవడం ఎవరి తరమూ కాదని కంపెనీలు గొడవపెట్టాయి. ఆ ఏడాది జులైలోనే వోల్వో ఎస్40 తెచ్చుకుంది. 2001లో రెనో లగూనా ఐదూ తెచ్చుకుంది. జనం చూస్తున్నారని తెలిస్తే ఇంజినీరు బల్ల మీద కాగితాలు ఎంత వేగంగా కదులుతాయో చెప్పడానికి ఆ నాలుగేళ్లు చాలు.

మన దేశంలో ఆ రోజు 2014 జనవరిలో వచ్చింది. గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ ఇక్కడ బాగా అమ్ముడయ్యే ఐదు చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో అడ్డుకు కొట్టించింది: మారుతి ఆల్టో 800, టాటా నానో, హ్యుందాయ్ ఐ10, ఫోర్డ్ ఫిగో, ఫోక్స్‌వ్యాగన్ పోలో. అన్నీ ఎయిర్‌బ్యాగులు లేని బేస్ మోడళ్లు. ఐదింటికీ పెద్దల భద్రతలో సున్నా. కానీ ఆ సున్నాలన్నీ ఒక్కలాంటివి కావు. ఆల్టో, నానో, ఐ10లలో మనిషి కూర్చునే గదే నిలవలేదు. ఫిగో, పోలోల గది నిలిచింది, సంచి మాత్రమే లేదు. రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోను మళ్లీ కొట్టి చూస్తే నాలుగు నక్షత్రాలొచ్చాయి. ఫోక్స్‌వ్యాగన్ ఆ సంచిలేని మోడల్ అమ్మడమే మానేసింది. ఇల్లు గట్టిదైతే పరుపు వేస్తే సరిపోతుంది. కప్పే కూలే ఇంట్లో పరుపు ఎంత మందంగా ఉంటే ఏం?

2016 మే నెలలో క్విడ్, సెలెరియో, ఈకో, స్కార్పియో, ఇయాన్ కార్లకూ సున్నాలే. ఆ రెండేళ్లలో మన కొనుగోలుదారు అడిగిన మొదటి ప్రశ్న మైలేజీ ఎంత అనే. తర్వాతి మార్పు మాత్రం చెప్పుకోదగ్గది. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్ ఐదు నక్షత్రాలు తెచ్చుకున్న తొలి మన దేశపు కారయింది. 2020 జనవరిలో ఆల్ట్రోజ్, మహీంద్రా ఎక్స్‌యూవీ300 ఆ వరుసలో చేరాయి. 2024 నవంబరులో మారుతి డిజైర్ పెద్దల భద్రతలో ఐదు తెచ్చుకుంది, ఆ కంపెనీకి అదే మొదటిసారి. ప్రకటనల్లో సన్‌రూఫ్ పక్కన నక్షత్రాల బొమ్మ వేయడం మొదలైంది. పదేళ్ల కిందట ఏ సేల్స్ కుర్రాణ్నయినా క్రాష్ టెస్టు గురించి అడిగితే తెల్లమొహం వేసేవాడు.

చట్టమూ కదిలింది, కాస్త నెమ్మదిగా. 2019 జులై 1 నుంచి అన్ని కొత్త కార్లలో డ్రైవరుకు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి. 80 దాటితే కూత పెట్టే హెచ్చరిక, ముందు సీట్ల బెల్టు హెచ్చరిక అప్పుడే వచ్చాయి. పక్క సీటుకు ఎయిర్‌బ్యాగ్ 2021లో కొత్త మోడళ్లకు మొదలైంది. ఆరు ఎయిర్‌బ్యాగుల నిబంధన 2022లో ముసాయిదాగా వచ్చి, వాయిదా పడి, చివరికి తప్పనిసరి చేయబోమని 2023లో కేంద్ర మంత్రి ప్రకటించారు. అయినా ఇవాళ చాలా కంపెనీలు బేస్ మోడల్లోనూ ఆరు ఇస్తున్నాయి. నక్షత్రాల పోటీ చేసిన పని అది.

2023 అక్టోబరు 1న సొంతంగా భారత్ ఎన్‌క్యాప్ అమల్లోకి వచ్చింది. 3.5 టన్నుల లోపు కార్లను ముందు నుంచి 64 కిలోమీటర్ల వేగంతో, నలిగే అడ్డుకు, డ్రైవరు వైపు ముఖభాగం మాత్రమే తగిలేలా కొడతారు. ఎందుకంటే రోడ్డు మీద ఎదురెదురు ఢీలలో సగం ముఖం తగలడమే ఎక్కువ. పక్క నుంచి 50 వేగంతో తోపుడు అడ్డుతో కొడతారు. ఎక్కువ నక్షత్రాలు కావాలంటే ఇనుప స్తంభానికి పక్కవాటుగా 29 వేగంతో కొట్టే పరీక్షా ఉంటుంది. పెద్దల భద్రతకు 32 మార్కులు, పిల్లల భద్రతకు 49. ఐదు నక్షత్రాలకు కనీసం 27, 41 రావాలి. కారు అదుపు తప్పి పక్కకు జారకుండా చక్రాలను విడివిడిగా పట్టే ఈఎస్‌సీ లేనిదే మూడు నక్షత్రాలు కూడా రావు. తొలి ఫలితాలు 2023 డిసెంబరులో, టాటా హారియర్, సఫారీలకు ఐదేసి.

ఈ కథ తెలుగునేల మీదా నడిచింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో తయారయ్యే కియా సెల్టోస్‌ను 2020లో రెండు ఎయిర్‌బ్యాగులతో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షించినప్పుడు మూడు నక్షత్రాలే వచ్చాయి. గది నిలకడ లేదన్నారు. ఆ కర్మాగారం నుంచే వచ్చిన సైరోస్ 2025లో భారత్ ఎన్‌క్యాప్‌లో ఐదు తెచ్చుకుంది. అదే నేల, అదే కంపెనీ. ఐదేళ్లలో మారింది కొనేవాళ్లు అడిగే ప్రశ్న.

అయితే నక్షత్రం చెప్పని సంగతులు కొన్నున్నాయి. అవి తెలియకుండా దాన్ని నమ్ముకోవడం జాతకం చూసి ఈతకు దిగినట్టే.

నక్షత్రానికి తేదీ ఉంటుంది. ఐరోపాలో ఫియట్ పుంటోకు 2005లో ఐదు నక్షత్రాలు. పాత డిజైనునే అమ్ముతూ పోతే 2017 డిసెంబరులో సున్నా. కారు అక్కడే ఉంది, పరీక్ష ముందుకెళ్లింది. నక్షత్రానికి ఊరూ ఉంటుంది. స్కార్పియో-ఎన్ 2022లో గ్లోబల్ ఎన్‌క్యాప్ చేతుల్లో ఐదు తెచ్చుకుంది. 2023లో ఆస్ట్రేలియా వాళ్లు దానికి సున్నా వేశారు. తనంతట తాను బ్రేకు వేసుకునే వ్యవస్థ లాంటివి అందులో లేకపోవడం అందుకు పెద్ద కారణం. ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు, అడిగిన ప్రశ్నలు వేరు. బరువు సంగతి మరొకటి. ముందు నుంచి కొట్టే పరీక్ష ఇంచుమించు తన బరువే ఉన్న బండిని ఢీకొన్న లెక్క. కాబట్టి ఐదు నక్షత్రాల చిన్న కారు, ఐదు నక్షత్రాల రెండు టన్నుల బండికి ఎదురెళితే సమానమని అనుకోకూడదు. పైగా 64కి కొట్టిన పరీక్ష అది. 90కి దెబ్బ దాదాపు రెట్టింపు.

అన్నిటికన్నా పెద్ద సంగతి వేరే ఉంది. పరీక్షశాలలో డ్రైవరు సీట్లో కూర్చునే బొమ్మ బరువు 78 కిలోల దాకా ఉంటుంది. లోపల ఉక్కు ఎముకలు, పైన రబ్బరు చర్మం, రొమ్ములో, మెడలో, మోకాళ్లలో కొలత యంత్రాలు. తల ఎక్కడ తగిలిందో తర్వాత చూసుకోవడానికి ముఖానికీ మోకాళ్లకూ రంగు పూస్తారు. గుద్దిన తర్వాత తెల్లని ఎయిర్‌బ్యాగ్ మీద ఆ రంగు ముద్ర పడితే పరీక్ష చేసేవాళ్లకు తృప్తి. ఆ బొమ్మను సీట్లో కూర్చోబెట్టి, కీళ్లు కొలిచి, చివరగా చేసే పని బెల్టు పెట్టడం. నక్షత్రాల పరీక్షలో ప్రతి బొమ్మా బెల్టు పెట్టుకునే ఉంటుంది. పిల్లల బొమ్మలు రెండు, ఏడాదిన్నర వయసుది ఒకటి, మూడేళ్లది ఒకటి, వెనక సీట్లో పిల్లల సీట్లలో బిగించి ఉంటాయి. ఒక్క బొమ్మ కూడా ఎవరి ఒళ్లోనూ కూర్చోదు.

కాబట్టి షోరూములో చూపించే ఐదు నక్షత్రాలు బెల్టు పెట్టుకున్నవాళ్లవి. వెనక సీట్లో వట్టినే కూర్చున్న అమ్మమ్మకు ఆ కారు ఎన్ని నక్షత్రాలదో చెప్పగల పరీక్ష ఎక్కడా జరగలేదు.

2022 సెప్టెంబరు 4న గుజరాత్ నుంచి ముంబై వస్తున్న మెర్సిడెస్ కారు పాల్ఘర్ జిల్లాలో సూర్యా నది వంతెన గోడను కొట్టింది. ముందు సీట్లలో ఇద్దరు బెల్టులతో ఉన్నారు, తీవ్ర గాయాలతో బతికారు. వెనక సీట్లలో ఇద్దరు బెల్టులు లేకుండా ఉన్నారు, ఇద్దరూ పోయారు. వాళ్లలో ఒకరు టాటా గ్రూపు మాజీ చైర్మన్ సైరస్ మిస్త్రీ. ఒకే కారు, ఒకే క్షణం, ఒకే దెబ్బ. అంతకు నాలుగేళ్ల ముందు, 2018 ఆగస్టు 29 ఉదయం, నల్లగొండ దగ్గర అన్నెపర్తి వద్ద నందమూరి హరికృష్ణ తానే నడుపుతున్న పెద్ద బండి అదుపు తప్పినప్పుడు ఆయన బెల్టు లేక బయటికి విసిరేసినట్టు పడ్డారు, బతకలేదు. ఆ రోజు తెలుగు రాష్ట్రాల్లో టీవీ ముందు నుంచి లేచిన ఇల్లు లేదు. మర్నాడు రోడ్డెక్కిన కార్లలో ఎన్ని వెనక బకిళ్లు బయటికొచ్చాయన్నది వేరే సంగతి.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్లు 1,68,491 మంది. అందులో బెల్టు పెట్టుకోక పోయినవాళ్లు 16,715 అని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఆ సంఖ్యను విడదీస్తే డ్రైవర్లు 8,384, మిగతా ప్రయాణికులు 8,331. సగానికి సగం. నడిపేవాడి పక్కనో వెనకనో నమ్మకంగా కూర్చున్నవాళ్లు. వెనక సీట్లోనూ బెల్టు పెట్టుకోవాలన్నది చట్టమే, పెట్టుకోకపోతే 1,000 రూపాయల జరిమానా. వెనక బెల్టు లేని మనిషి తన ప్రాణానికే కాదు, తన ముందు సీట్లో బెల్టు పెట్టుకున్నవాడి ప్రాణానికీ ముప్పు. 60 కిలోల మనిషి వెనక నుంచి వచ్చి సీటును కొడితే ముందువాడు రెండు దెబ్బల మధ్య నలుగుతాడు.

బెల్టు పెట్టుకోమని కారు కూత పెడితే ఆ కూత ఆపడానికి బజారులో వంద రూపాయల క్లిప్పు దొరికేది. బకిల్‌లో దాన్ని గుచ్చితే బెల్టు పెట్టుకున్నారని కారు అనుకుంటుంది. 2023లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశించాక ఆన్‌లైన్ దుకాణాల నుంచి ఇలాంటివి 13,118 అమ్మకపు ప్రకటనలు తీసేశారు. మాస్టారి క్లాసులో రూపాయి బిళ్ల ఏ క్లిప్పునూ చూసి మోసపోలేదు.

చంటిపిల్ల గురించి ఇంకొంచెం ఆగి మాట్లాడాలి. తల్లి ఒడి కంటే భద్రమైన చోటు లేదన్నది మన నమ్మకం, మన ప్రేమ. పది కిలోల పిల్ల, గంటకు 50 కిలోమీటర్ల వేగం, సెకనులో పదో వంతులో ఆగడం. ఆ క్షణంలో ఆ పిల్ల చేతులకు తెలిసే బరువు 140 కిలోలు. దగ్గర దగ్గర రెండు వడ్ల బస్తాలు. ఎంత ప్రేమ ఉన్న తల్లయినా రెప్పపాటులో మీదపడే రెండు బస్తాలను చేతులతో ఆపలేదు. ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకుంటే తల్లికీ ఎయిర్‌బ్యాగ్‌కూ మధ్య పిల్లే దిండవుతుంది.

దీనికి జవాబు పిల్లల సీటు. కొత్త కార్ల వెనక సీటులో, వీపు ఆనే దిండుకీ కూర్చునే దిండుకీ మధ్య వేలు పెట్టి తడిమితే రెండు ఇనుప కడ్డీలు తగులుతాయి. వాటిని ఐసోఫిక్స్ అంటారు. పిల్లల సీటుకున్న కొక్కేలు అక్కడ టిక్కున పడతాయి. చంటిపిల్లలు వెనక్కి తిరిగి కూర్చోవాలి. వాళ్ల తల ఒంటితో పోలిస్తే బరువు, మెడ లేత, దెబ్బను వీపంతా పంచుకోవాలి. చాలా ఇళ్లల్లో ఆ కడ్డీలున్నాయని కూడా తెలియదు. 49 మార్కుల పిల్లల భద్రత ఆ సీటు బిగించి ఇచ్చినవి. టాప్ మోడల్‌కూ దాని కింది మోడల్‌కూ మధ్య సన్‌రూఫ్ కోసం లక్ష దాకా పెట్టే ఇల్లు, ఐదారువేల నుంచి మొదలయ్యే పిల్లల సీటు దగ్గర వెనకాడుతుంది. ఆ సన్‌రూఫ్‌లోంచే పిల్లల్ని నిలబెట్టి హైవే మీద గాలి తినిపించడం చూస్తే గుండె ఆగిపోతుంది.

ఇంకో అలవాటు బంపరు ముందు బిగించే ఇనుప గొట్టాల గార్డు. ముక్కు నలగాల్సిన లెక్కను, దెబ్బను పసిగట్టే సెన్సర్ల లెక్కను అది తారుమారు చేస్తుంది, నడిచిపోయేవాణ్ని మరింత గాయపరుస్తుంది. 2017 చివర్లోనే కేంద్రం వాటిని తీయించమని రాష్ట్రాలకు రాసింది.

ఇక పత్రికల్లో కళ్లు మూసుకుని చదవగలిగే శీర్షిక ఒకటుంది: ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు. తెల్లవారుజాము, తిరుపతి నుంచో పెళ్లి నుంచో తిరిగొస్తున్న కుటుంబం. ఈ దెబ్బకు ఏ నక్షత్రమూ పూర్తి జవాబు కాదు. పరీక్షలో అడ్డు కారు ముక్కుకు ఎదురుగా ఉంటుంది. లారీ వెనక భాగం కారు బానెట్ కంటే ఎత్తు. ముక్కు లారీ కిందికి దూరిపోతుంది, నలగాల్సింది నలగకుండానే లారీ చెక్క నేరుగా ముందు అద్దానికి, తలలకు తగులుతుంది. అందుకే లారీ వెనక కింద గట్టి అడ్డుకడ్డీ ఉండాలని నియమం. చాలా లారీలకు అది వంగిపోయో, తుప్పు పట్టో, చేత్తో ఊపితే ఊగేలాగో ఉంటుంది. వెనక ఎర్ర రేడియం టేపు మట్టిలో కనపడదు. కారు తయారీదారుల్ని అడిగినంత గట్టిగా లారీ ఫిట్‌నెస్ ఇచ్చేవాళ్లనూ, హైవే మీద చెడిపోయిన బండిని గంటల తరబడి వదిలేసేవాళ్లనూ అడగాలి. అప్పటిదాకా కుటుంబం చేతిలో ఉన్నది రాత్రి రెండింటికీ ఐదింటికీ మధ్య బండి ఎక్కకపోవడం.

కారు కొనబోయేవాళ్లు ఏం అడగాలన్నది సభల్లో తరచుగా వచ్చే ప్రశ్న. నక్షత్రాలు ఏ ఏడాది పరీక్షవి, పరీక్షించిన మోడల్, కొంటున్న మోడల్ ఒకటేనా అన్నది మొదట అడగాలి. కొన్ని కార్ల అద్దం మీద ఇప్పుడు భారత్ ఎన్‌క్యాప్ క్యూఆర్ స్టిక్కరు ఉంటోంది, ఫోనుతో అక్కడే చూసుకోవచ్చు. గది నిలిచిందా లేదా, పిల్లల మార్కులెన్ని, ఈఎస్‌సీ బేస్ మోడల్‌కూ ఉందా, వెనక మధ్య సీటుకు మూడు కొసల బెల్టు, తలకు ఆనిక ఉన్నాయా. రంగు ఎంచుకోవడానికి పట్టే సమయంలో సగం చాలు వీటికి.

తర్వాత సీటు కవర్ల కొట్టు. ముందు సీట్ల పక్క ఎయిర్‌బ్యాగ్ సీటులోంచే విచ్చుకునే కార్లకు మందపాటి కవరు అడ్డవుతుంది, కుట్టు అక్కడ విడిపోయేలా ఉండాలి లేదా ఆ కవరే వద్దనాలి. వెనక సీటు కవరు వేసేటప్పుడు యజమాని బయట టీ తాగకుండా పక్కనే నిలబడితే మంచిది. కుర్రాడు సీటు దిండు ఎత్తి, నలుపు రెగ్జిను లాగి, బకిళ్లను కిందికి నొక్కేసి జిప్పు వేయబోతాడు. వాటిని బయటికి తీయమని చెబితే మారు మాట్లాడడు. సుద్దముక్కతో గుర్తుపెట్టి, కత్తెరతో మూడు చోట్ల కోసి, అంచు మడిచి కుట్టి, మూడు బకిళ్లూ పైకి లాగుతాడు. పది నిమిషాల పని. ఐసోఫిక్స్ కడ్డీల దగ్గర ఇంకో రెండు కోతలు.

అమ్మమ్మ చీర కొంగు సర్దుకుని కూర్చున్నాక ఆ పట్టీ ఆమె భుజం మీంచి తెచ్చి, కుచ్చిళ్ల కిందుగా తుంటి దగ్గర పెట్టి, టిక్కుమనేదాకా నొక్కాల్సింది మనవడు.